కనుబొమల మధ్య గీత

బెల్లంపల్లి,
31 జనవరి 1999, ఆదివారం.

నా మక్సూదాకు,

నిర్మల రాస్తున్న ఉత్తరం. ముందుగా సలాములు. మొన్న వెళ్ళిన రంజాన్ పండుగకు ఆలస్యంగా ముబారక్. మేము ఇక్కడ బాగానే ఉన్నామనుకోవాలి. కొడుకు నిజామాబాద్‌లో బ్యాంకు ఉద్యోగంలో ఉన్నాడు. ఆయన శ్రీరాంపూర్ ఆఫీసుకు రోజూ బస్సులో వెళ్ళి వస్తున్నారు. మీ ఇంట్లో అందరూ చల్లగా ఉన్నారని, పెండ్లి పనుల్లో నీకు ఊపిరి సలపడం లేదని అనుకుంటున్నాను.

రఫియా నిఖా పత్రిక పోయిన సోమవారం స్కూలు చిరునామాకు వచ్చింది. కవరు మీద దస్తూరి నీది కాదు. లోపల ఒక చీటీ ఉంది. "పెద్దమ్మా, అమ్మీ మీకు పంపుమనలేదు, పంపొద్దని కూడా అనలేదు, అందుకే పంపుతున్నాను" అని రాసింది పిల్ల. నేను దాన్ని చూసినప్పుడు దానికి నాలుగేళ్ళు. ఇప్పుడు దాని అక్షరాలు నా అక్షరాల కంటే గుండ్రంగా ఉన్నాయి. ఆ చీటీని వారం రోజులుగా హాజరు పట్టీలో పెట్టుకుని తిరుగుతున్నాను.

ఫిబ్రవరి ఇరవై ఒకటికి రావాలని ఉంది. వచ్చే ముందు నీకు ఒక సంగతి చెప్పాలి. నా మొహం మారింది. కనుబొమల మధ్య సూదులు వేయించుకున్నాను. ముడతలు పోయే సూదులు. నవ్వుకుంటే నవ్వుకో. ఎవరైనా నాకు ఈ మాట చెబితే నేనూ నవ్వేదాన్ని, కాస్త ఓపిక ఉంటే.

ఆ గీతలు నీకు తెలుసు. కరీంనగర్‌లో ట్రైనింగు చదివినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు, అప్పటికే అవి ఉన్నాయి. అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో క్లాసులు బందయి, హాస్టల్లో సగం మంది ఊళ్ళకు పోయి, మనిద్దరమే మిగిలిన రోజుల్లో నువ్వు అన్నావు, "నీ నొసట రైలు పట్టాలున్నయే, నిర్మలా" అని. మా అవ్వకూ అవే ఉండేవి. అవ్వ గుమ్మంలో నిలబడితే వాకిట్లో జీతగాళ్ళు మాటలాపేవారు. ఆమెకు అది పనికొచ్చింది. నేను బడిపంతులమ్మను. నాకు ఎన్నడూ పనికి రాలేదు.

ఏళ్ళు గడిచేకొద్దీ అవి లోతయ్యాయి. నేను ఊరికే కూర్చున్నా కోపంగా ఉన్నట్టే. రాత్రి సరిగా నిద్రపోకపోయినా కోపమే, ఆకలైనా కోపమే, కళ్ళద్దాలు మరిచిపోయినా కోపమే. స్టాఫ్ రూములోకి అడుగుపెడితే మాటలు ఆగిపోతాయి. తొమ్మిదేళ్ళుగా హెడ్‌మిస్ట్రెస్‌ను, కోపం లేదని ఎంతమందికని చెప్పను. చెప్పేటప్పుడు కూడా కోపంగానే కనబడతాను కదా. చెప్పడం మానేశాను.

పోయిన జూన్‌లో ఒక సంగతి జరిగింది. ముత్యం అని గనిలో పనిచేసేవాడు. వాళ్ళ బొగ్గుబాయి మూతపడింది. ఇక్కడ ఏడాదికొకటి మూతపడుతూనే ఉంది, క్వార్టర్లు ఖాళీ అవుతున్నాయి, మా బడిలో సెక్షన్లు కలిపేస్తున్నాం. అతను ఆసిఫాబాద్ దగ్గర సొంతూరికి పోతున్నాడు. బిడ్డ ఎనిమిదో తరగతి పాసయింది, అక్కడ హాస్టల్లో సీటు వచ్చింది, గడువు లోపల టీసీ ఇవ్వాలి. టీసీ కోసం బడికి వచ్చాడు. వరండాలో నిలబడి తలుపు సందులోంచి నన్ను చూశాడు. కోపంగా ఉన్నాననుకుని వెళ్ళిపోయాడు. మర్నాడూ అంతే, మూడోనాడూ అంతే. నాలుగోనాడు మా అటెండర్ భూమన్న లోపలికి వచ్చి చెప్పాడు, "మేడం, గా ముత్యం మూడొద్దుల సంది వస్తుండు, పోతుండు. మీరు కోపంల ఉన్నరని లోపటికి వస్తలేడు" అని. అప్పటికప్పుడు రాసి ఇచ్చాను. గడువు ముందురోజే అయిపోయిందట. సీటు వేరేవాళ్ళకు పోయింది.

ఆ మూడు రోజులూ నేను ఏం చేస్తున్నానో తెలుసా? మధ్యాహ్న భోజనం బియ్యం లెక్క చూస్తున్నాను. ఎవరి మీదా కోపం లేదు.

దసరా సెలవులకు హైదరాబాద్ వెళ్ళాను, చెల్లెలు ప్రమోదిని ఇంటికి. మా మరిది పిల్లల డాక్టరు. ముత్యం సంగతి చెప్పి ఏడ్చాను. ఏడుస్తుంటే కూడా ప్రమోదిని, "అక్కా, ఏమనుకోకు, నువ్వు ఏడుస్తున్నా కొట్లాటకు వచ్చినట్టే ఉన్నవ్" అన్నది. తర్వాత ఆమే చెప్పింది, ఇప్పుడు దీనికి సూది ఉన్నదని, హిమాయత్‌నగర్‌లో ఒక ఆడ డాక్టరు బొంబాయిలో నేర్చుకొచ్చి వేస్తున్నదని. "గిది పాపమేం కాదు. కండ్లకు అద్దాలు పెట్టుకుంటలేవా" అని నన్ను పట్టుకుపోయింది.

ఆ డాక్టరు చిన్నది, ముప్పై అయిదు కూడా ఉండవు. గుంటూరు వైపు మాట. చేతికి అద్దం ఇచ్చి, "ఒకసారి కోపం తెచ్చుకోండమ్మా" అన్నది. ప్రయత్నించాను. ఎవరిని తలుచుకున్నా కోపం రాలేదు. కోపానికి కూడా ఒంట్లో సత్తువ ఉండాలేమో. ఆమె కాసేపు చూసి, "ఫరవాలేదులెండి, మామూలుగా ఉన్నా కనిపిస్తూనే ఉన్నాయి" అన్నది. ఆ సూదిలో ఉండేది చెడిపోయిన తిండిలో పుట్టే విషమట. రవ్వంత తీసి, శుభ్రం చేసి, కండరంలోకి ఎక్కిస్తారట. కండరం నాలుగు నెలలు నిద్రపోతుందట, తర్వాత మేల్కొంటుందట. మరి ఆ నాలుగు నెలల్లో నాకు నిజంగా కోపం వస్తే ఎట్లా అని అడిగాను. "నోరుంది కదమ్మా" అన్నది.

సంతకానికి ఒక కాగితం ఇచ్చింది. దాని మీద "అందం కొరకు చేయించుకొను చికిత్స" అని అచ్చు వేసి ఉంది. ఆ మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. నలభై తొమ్మిదేళ్ళు నాకు. ఇవాళో రేపో కోడలు వస్తుంది. ఇరవై ఏళ్ళుగా మొహానికి పౌడరు కూడా రాసుకోని మనిషిని, అందం కొరకని సంతకం ఎట్లా పెట్టను? బెల్లంపల్లిలో తెలిస్తే ఏమంటారు? పెన్ను అక్కడే పెట్టి లేచి వచ్చాను. ప్రమోదిని దారంతా నాతో మాట్లాడలేదు. ఆమె నుదురు మాత్రం ఏ ముడతా లేకుండా ఉంది.

డిసెంబరులో ముత్యం మళ్ళీ కనబడ్డాడు, బస్టాండులో. కంపెనీలో ఏవో కాగితాల కోసం వచ్చాడట. నేను బస్సు దిగుతూ చూసి, మాఫీ అడగాలని గబగబా వెళ్ళాను. నేను నోరు తెరిచేలోపే అతను చేతిసంచీ కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు. "తప్పయింది మేడం. పొల్ల సీటు సంగతి నేనెవ్వలికి చెప్పలే. మీ మీద ఫిర్యాదేం లేదు" అన్నాడు. అది కాదు ముత్యం, అంటున్నాను నేను. అతను ఇంకా వంగిపోతున్నాడు. బిడ్డ ఏం చేస్తున్నదని అడిగితే, "ఇంటికాడనే ఉన్నది. పత్తి ఏరవోతుంది" అన్నాడు. బస్సు కదులుతుంటే ఎక్కి పోయాడు. మాఫీ అడుగుదామని నేను పోతే, అతనే నన్ను మాఫీ అడిగి పోయాడు.

ఆ సాయంత్రమే ప్రమోదినికి ఫోను చేశాను. హాస్టలు వార్డెనుకు ఇప్పటికి నాలుగు ఉత్తరాలు రాశాను. వచ్చే జూన్‌లో చూస్తామన్నారు.

జనవరి రెండో శనివారం వేయించుకున్నాను. అందం కొరకు అన్న మాట కిందనే సంతకం పెట్టాను. అయిదు చోట్ల గుచ్చింది, ఎర్రచీమలు కుట్టినట్టు. నాలుగు గంటలు పడుకోవద్దన్నది. కాగజ్‌నగర్ రైల్లో కిటికీ పక్కన నిటారుగా కూర్చుని వచ్చాను. కాజీపేట, జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం ఒక్కొక్కటే దాటుతుంటే, విషం ఎక్కించుకుని ఇంటికి పోతున్నానని ఒకటే ఆలోచన. ఎదురు సీటామె రెండుసార్లు, "పానం బాగలేదా అక్కా" అని అడిగింది. బాగానే ఉందన్నాను.

అయిదోనాడు పొద్దున అద్దం ముందు నిలబడి కనుబొమలు చిట్లించాను. నుదురు నా మాట వినలేదు. ఎవరిదో నుదురు తెచ్చి నాకు అతికించినట్టుంది. మరో నాలుగు రోజులకు గీతలు చాలావరకు పోయాయి. ఉన్నచోట సన్నని జాడ మాత్రం ఉంది, మడత విప్పిన చీర మీద ఉన్నట్టు.

బడిలో ఎవరికీ చెప్పలేదు. వాళ్ళకూ ఏం మారిందో తెలియదు. కానీ ఆరో తరగతి పిల్లలు బంతి పోయిందని నేరుగా నా గదిలోకి వచ్చారు. అందులో ఒకతి పోబోతూ ఆగి, "మేడం, మీ తలనొప్పి తక్కువైందా?" అన్నది. నాకు తొమ్మిదేళ్ళుగా తలనొప్పి అని బడి అంతా అనుకుంటున్నదట, అప్పుడే తెలిసింది. తక్కువైందని చెప్పాను.

ఇంట్లో ఆయన పది రోజుల తర్వాత అన్నం తింటూ తలెత్తి, "ఏందో మారింది. కండ్లద్దాలు కొత్తయా?" అన్నారు. పాతవే అన్నాను. "గట్లనా" అని పేపరు తీసుకున్నారు. మా ఇంట్లో ఈ మధ్య అంత పొడుగు మాట జరగడం అదే. ఆయన చెడ్డవారు కారు మక్సూదా. నీకు తెలుసు. తిట్టలేదు, కొట్టలేదు. ఇన్నేళ్ళలో నా వైపు తిరిగి కూర్చోలేదు, అంతే. చెప్పుకుంటే ఎవరికీ పెద్ద కష్టంగా కనబడదు.

ఇదంతా నీకెందుకు రాస్తున్నానంటే, ఎనభై మూడులో నువ్వు మా క్వార్టరుకు వచ్చిన రోజు గురించి. రఫియాను చంకనేసుకుని ఆదిలాబాద్ నుంచి బస్సులు మారి వచ్చావు. రఫియా తండ్రి ఇనాయతుల్లా నీ మీద చెయ్యి చేసుకుంటాడని నాకు అంతకుముందే తెలుసు, నీ మోచేతి మీద కమిలిన మచ్చ నేనే చూశాను. గడపలో నిలబడే చెప్పావు. "నిర్మలా, ఖులా తీసుకుని విడిపోయిన. ఇంక గా మనిషి కాడికి పోను. ఇబ్రాహీం నన్ను చేసుకుంటనంటుండు. మా వాళ్ళు పరేషాన్ చేస్తున్నరు. జర నెల రోజులు నీ కాడ ఉంటే సల్లవడుతరు" అన్నావు.

నువ్వు నా మొహం చూశావు. "సరే తియ్. నువ్వు నోరు తెరవకు, నీ మొఖమే చెప్పింది" అని మెట్లు దిగావు. చాయ్ నీళ్ళు పొయ్యి మీద అట్లాగే ఉన్నాయి.

ఆ రోజు నీ వెనక తలుపులోంచి ఎండ కొడుతున్నది మక్సూదా. కళ్ళు చిట్లించాను. పైగా ముందురోజు నుంచీ తల పగిలిపోతున్నది. నా నుదురు ఎట్లా ఉంటుందో నీకు తెలుసు కదా. నువ్వు పొరపాటుగా చదివావు. ముత్యం చదివినట్టే. మర్నాడు ఉత్తరం రాద్దామనుకున్నాను, వారం పోయాక అనుకున్నాను, తర్వాత నువ్వే రాస్తావనుకున్నాను. అట్లా పదహారేళ్ళు పోయాయి.

ఇప్పుడు ఆ గీతలు లేవు. మే నెల దాకా రావని డాక్టరు చెప్పింది. రఫియా నన్ను మొదటిసారి బుద్ధి తెలిసి చూడబోతున్నది, భయపడకుండా చూస్తుంది. దానికి ఏ రంగు చీర ఇష్టమో, అసలు చీర కట్టుకుంటుందో లేదో రాయి. ఇబ్రాహీం భాయికి నా సలాములు. ముందురోజే వచ్చి కోతలకూ వడ్డనలకూ సాయం పడతాను. వంట నాకు ఇప్పటికీ రాదు, ఉల్లిగడ్డలైతే కోస్తాను.

కళ్ళు లాగుతున్నాయి, ఇక ఆపుతాను. నీ ఆరోగ్యం చూసుకో.

ఎప్పటికీ నీ,
నిర్మల

తా.క. ఉత్తరం మడిచి కవరులో పెట్టాను. అంటించబోయి మళ్ళీ బయటికి తీశాను. ఒక సంగతి రాయకుండా దాచాను. నిజానికి ఈ ఉత్తరం రాయాలనిపించింది దాని వల్లనే, రఫియా పత్రిక రాకపోయినా రాసేదాన్నేమో.

మా బడిలో హిందీ చెప్పే సరళాదేవి ఉంది. గనిలో కప్పు కూలి భర్త పోయి పదకొండేళ్ళు. పది రోజుల కింద బడి విడిచాక నా గదికి వచ్చి తలుపు దగ్గరేసింది. పోస్టాఫీసులో పనిచేసే దశరథంతో రిజిస్టరు పెండ్లి చేసుకుంటున్నానని, కులం వేరు కనుక ఇంటివాళ్ళెవరూ రారని, సాక్షిగా నన్ను సంతకం పెట్టమని అడిగింది. "మీరు తిడుతరని నెల రోజుల సంది చెప్పలే మేడం. ఇప్పుడు మీ మొఖం సల్లగ కనవడుతుంది, గందుకే ధైర్యం చేసిన" అన్నది.

ఆమె ఆ మాట అంటుండగానే నా నుదురు లోపల లాగింది మక్సూదా. ముడి పడాలని పెనుగులాడింది, పడలేదు. మొహం మీదికి రాలేనిది లోపలే నిలబడిపోయింది, నాకు మాట మాట వినబడింది. ఈ వయసులో ఇదేం పని. పదకొండేళ్ళు ఓర్చుకున్నది ఇంకో పదేళ్ళు ఓర్చుకోలేదా. నేను ఓర్చుకోవడం లేదా. సంతకం పెడితే నలుగురూ నన్నేమంటారు.

అవి నాకు కొత్త మాటలు కావు. ఎనభై మూడులో నువ్వు గడపలో నిలబడినప్పుడు నేను అనుకున్నవి ఇవే. ఎండ అని రాశాను, ఎండ లేదు. ఆ రోజు వాన. రఫియా గౌను తడిసి నీ కొంగుకు అతుక్కుపోయి ఉంది. తలనొప్పి కూడా లేదు. నీ వంటి మీద దెబ్బలు తెలిసి కూడా, నేను కిక్కురుమనకుండా పడి ఉంటున్నాను కదా, దీనికేం వచ్చింది, అనుకున్నాను. నువ్వు వెళ్ళగలిగావని ఓర్వలేకపోయాను. నువ్వు నా మొహాన్ని సరిగానే చదివావు. మెట్లు దిగుతుంటే పిలిస్తే వినబడేంత దూరంలోనే ఉన్నావు. పిలవలేదు.

సరళ నా మొహంలో అదేమీ చూడలేదు. చల్లగా ఉన్నాననుకుని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. వద్దనడానికి నోరు రాలేదు. బుధవారం రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి సంతకం పెట్టి వచ్చాను. వచ్చేటప్పుడు దశరథం నా కాళ్ళకు మొక్కబోతే, వద్దని భుజం పట్టుకుని లేపాను. దానికి నేను తగను అని ఒక్క నాకే తెలుసు, ఇప్పుడు నీకు.

నిఖా నాటికి నా నుదురు నున్నగానే ఉంటుంది. దాన్ని చూసి నన్ను నమ్మవద్దు. ఇది చదివిన తర్వాత కూడా రమ్మని నీకు అనిపిస్తే ఒక కార్డు ముక్క రాయి. రాయకపోతే రాను, చీర పోస్టులో పంపుతాను. రమ్మంటే మాత్రం, వాన పడుతుండగా వాళ్ళమ్మను నేను గడపలోంచే పంపేశానని రఫియాకు నన్నే చెప్పనివ్వు.